మావయ్య కడిగిన ఓడ

నిన్న పొద్దున మావయ్య మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పాత ఫోటో ఒకటి పెట్టాడు. బందరులోని పాత ప్రార్థనాలయంలో, తెల్లటి రాతిపలక పక్కన, పెళ్ళికొడుకులా నిలబడి తీయించుకున్న ఫోటో. కింద ‘మన వారసత్వాన్ని మనమే కాపాడుకోవాలి’ అని రాశాడు. చుట్టాలంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

మావయ్య ఇంజినీరుగా రిటైరయ్యాడు. ఆయన కట్టించిన కల్వర్టుల గొప్పదనం గుడివాడ చుట్టుపక్కల బస్సు డ్రైవర్ల నడుములకి బాగా తెలుసు. రోడ్లు అయిపోయాక చరిత్ర మీద పడ్డాడు. ఒక శనివారం నన్ను కారెక్కించుకుని బందరు బయల్దేరదీశాడు. పెడన దాటేదాకా రాతి కట్టడాల గురించి ఉపన్యాసం. ఆ తర్వాత పులిహోర పొట్లం విప్పాడు కాబట్టి నా చెవులకి కాస్త తెరిపి దొరికింది.

ప్రార్థనాలయం చిన్నదే. లోపల తేమ వాసన, పాత కొవ్వొత్తుల వాసన. గుమ్మం చుట్టూ రాతి ద్రాక్షతీగ, ఆకుల సందుల్లోంచి తొంగిచూసే బూరెబుగ్గల దేవదూతలు. గోడకి ఆనించిన సున్నపురాయి పలక మీద చెక్కిన, తెరచాపలు విప్పిన ఓడ, దాని తాళ్ళు, ఒక తాడు పట్టుకుని వేలాడే నావికుడు. మిగతా రాళ్ళన్నీ దుమ్ముకొట్టుకుని ఉంటే ఓడ ఒక్కటే నల్లగా నిగనిగలాడుతోంది. నాగాయలంక వైపు ఆడవాళ్ళు, ఇంట్లో పిల్లాడు మొదటిసారి సముద్రం మీద చేపల వేటకి వెళ్ళేముందు వచ్చి దానికి కొబ్బరినూనె రాసి వెళ్తారని వాచ్‌మన్ చెప్పాడు. హిందువులే అయినా ఆ ఓడ మీద వాళ్ళకి గురి ఎక్కువట.

మావయ్య ముక్కు మూసుకున్నాడు. “ఇంత జిడ్డా? ఏం జనమయ్యా!” అంటూ ఎదురు కొట్లోంచి బాత్రూం యాసిడ్ సీసా కొనుక్కొచ్చాడు.

“వద్దు సార్, ఫాదర్ గారు ఊళ్ళో లేరండీ” అన్నాడు వాచ్‌మన్.

“నేను ఇంజినీర్నయ్యా. రాయి సంగతి నాకు చెబుతావా?”

నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. యాసిడ్ పడగానే రాయి బుసబుసా పొంగింది. అది జిడ్డు వదలడమనుకుని మురిసిపోతూ కొబ్బరిపీచుతో తోమాడా మహానుభావుడు. నీళ్ళు కొట్టి చూస్తే పలక తెల్లగా వచ్చింది. తాళ్ళు లేవు, నావికుడు లేడు. తెరచాపలు అరిగిన సబ్బుబిళ్ళల్లా మిగిలాయి. “ఎలా తేలిందో చూశావా!” అని ఫోటో తీయించుకున్నాడు. నిన్న పెట్టింది అదే.

మేం బయటికి వస్తుండగా ఒకావిడ నూనెసీసా కొంగులో పెట్టుకుని లోపలికి వెళ్ళింది. వాళ్ళబ్బాయి మర్నాడే మొదటిసారి వేటకి వెళ్తున్నాడని వాచ్‌మన్‌తో చెప్పడం వినిపించింది. కాసేపటికి మా కారు దగ్గరికి వచ్చింది.

“ఓడ ఏదండీ?”

“శుభ్రం చేశానమ్మా” అన్నాడు మావయ్య, మెచ్చుకోలు కోసం చూస్తూ.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. “మీ ఇంట్లో ఎవరన్నా సముద్రం మీదకి వెళ్తారా అండీ?”

“లేదమ్మా.”

“అదేలెండి” అని సీసా మూత మళ్ళీ బిగించుకుని వెళ్ళిపోయింది. ఆవిడ ముఖం నేను చూడలేకపోయాను. మావయ్య మాత్రం దారిపొడుగునా, జనానికి కృతజ్ఞత లేదని వాపోయాడు.

ఉప్పుగాలీ తుఫాన్లూ తరాల తరబడి కొట్టినా ఆ ఓడ మునగలేదు. ఏ ఊళ్ళోనైనా పాత శిల్పాన్ని కాలమే అరగదీసిందని ఎవరైనా అంటే ఇప్పుడు నేను నమ్మను. కాలాన్ని తిట్టేముందు, ఆ ఊరికి మా మావయ్య ఎప్పుడైనా వెళ్ళాడేమోనని ఆలోచిస్తాను.