నేను వాయించని బేస్ గిటార్

మీకొక మాట చెప్పాలి. పాతికేళ్లు దాటింది, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పెద్ద నేరమేమీ కాదు, భయపడకండి. పోలీసులు రారు, కోర్టుకెక్కదు. అయినా ఎవరైనా "మీరు ఒకప్పుడు మ్యూజిక్ చేశారటగా!" అంటే చాలు, నవ్వేసి మాట మార్చేస్తాను. ఇంత చిన్న సంగతిని ఇన్నేళ్లు ఎందుకు మోశాను? చిన్నది కాబట్టే, చెప్పొచ్చులే, తొందరేముంది అనుకుంటూ వచ్చానేమో.

మాది ప్రొద్దుటూరు. హైటెక్ సిటీలో మొదటి అద్దాల మేడ లేచిన కొత్తలో ఉద్యోగానికి వచ్చాను. చుట్టూ బండరాళ్లు, తుప్పలు, మధ్యలో మేము. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడకుండా పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దడం మా పని. పని విసుగు, మనుషులం మాత్రం మహా హుషారు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక హోటల్లో డిస్కో పెట్టేవారు, మూడింటి నుంచి ఏడింటి దాకా. తాగేది కూల్‌డ్రింకులే, ఎగరడం మాత్రం ఆకాశానికి! అక్కడే హౌస్ మ్యూజిక్ మొదటిసారి విన్నాను. పాత డిస్కో పాటలోంచి రెండు మూడు క్షణాల ముక్క కోసి, దాన్నే మళ్లీ మళ్లీ తిప్పుతూ, కింద ధన్ ధన్ ధన్ ధన్ అని డ్రమ్ము పెడతారు. ఓస్, ఇంతేనా అనుకున్నాను. మియాపూర్‌లో నేనుండే గదిలో ఒక కంప్యూటర్ ఉంది. ఇక కావలసింది ముక్కే.

ఆ ముక్క మా అక్క పెళ్లి రిసెప్షన్ క్యాసెట్లో దొరికింది. బావవాళ్లది హైదరాబాదే, ఆర్కెస్ట్రా పెట్టించారు. ఆ ఆర్కెస్ట్రావాళ్లు సొంతంగా కట్టుకున్న డిస్కో ట్యూనొకటి వాయిస్తుంటే నేను టేప్ రికార్డర్ పట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాను. బేస్ గిటార్ పట్టుకున్న సన్నటి మనిషి నాలుగో దెబ్బకి అర క్షణం వెనకబడి, గబగబా పరుగెత్తి మిగతావాళ్లను అందుకున్నాడు. ఆర్కెస్ట్రా మాస్టర్ ట్యూను ఆపించి, మైకులోనే "ఏంది యాదగిరీ, పండుకున్నవా?" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

ఏడాది తర్వాత అదే క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించి విన్నాను. సరిగ్గా వాయించిన చోటల్లా చప్పగా ఉంది. తప్పిన చోటు మాత్రం, అబ్బ! కోసి తిప్పితే కుర్చీలో కూర్చోలేకపోయాను.

ఆ ఆదివారం హోటల్ డీజే దాన్ని వేశాడు. ఆ తడబాటు వచ్చిన ప్రతిసారీ హాల్లో అందరి భుజాలూ ఒక్కసారిగా ఎగిరాయి. అయిపోగానే మళ్లీ వేయమని గోల. మూడోసారి వేశాక డీజే వచ్చి, ఆ బేస్ ఎవరిది, అదిరిపోయింది అన్నాడు. పక్కన లలిత ఉంది. మా టీమ్‌లోనే పనిచేసేది, చెమటలు కక్కుతూ నాకేసి చూస్తోంది. నేనే వాయించానన్నాను. నోరు జారిందని చెప్పుకోవచ్చు గాని, అప్పుడు నేను నిబ్బరంగానే ఉన్నాను.

మూడు నెలలకు బొంబాయి కంపెనీ ఒకటి దాన్ని సింగిల్‌గా తెచ్చింది. క్యాసెట్‌కి రెండు వైపులా అదే పాట. బెంగళూరు, పుణె, బొంబాయి క్లబ్బుల్లో మోగింది. అంతకుముందు వాళ్లొక ఫారం పంపారు. అందులో బేస్ గిటార్ అన్నచోట పెన్ను ఆగింది. ఎవరో ఆర్కెస్ట్రా మనిషి, ఎక్కడున్నాడో ఏమో, అయినా అతను తప్పు వాయించాడు కదా, తప్పుకు ఎవరైనా పేరేస్తారా, ఆ తప్పులో అందం పట్టుకున్న చెవి నాది కదా, అని నాకు నేనే వకీలునై వాదించుకుని నా పేరు రాసేశాను.

తర్వాత నెలలోనే మా కంపెనీ వ్యానుకి కొత్త డ్రైవర్ వచ్చాడు. నార్సింగి మనిషి, పేరు యాదగిరి. చూడగానే గుర్తుపట్టాను. అతను నన్ను గుర్తుపట్టలేదు. పెళ్లికొచ్చిన అన్ని వందల మందిలో నేనెవరిని? వారం రోజులు వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాను. ఒక ఉదయం మావాళ్లెవరో నా క్యాసెట్ వ్యాన్లో పెట్టించారు. వ్యానంతా ఊగిపోతోంది. నేనొక్కణ్ణే చెమటలు తుడుచుకుంటున్నాను. ఆఫీసు దగ్గర అందరూ దిగాక అతను నన్ను ఆపాడు.

"సార్, జర ఆగుండ్రి. ఈ పాట మీదేనట గద?"

"అవును."

"ఈ బేస్ ఎవరు కొట్టిండ్రు? నాలుగో దెబ్బకు తప్పిండు సార్."

"అమెరికా రికార్డు యాదగిరీ. దాంట్లోంచి తీసుకున్నా. ఎవరో తెల్లవాళ్లు."

అతను క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. తల వంచి, కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"అరె, గట్లనా! నేను గూడ ఒక పెండ్లిల అచ్చం గిట్లనే తప్పిన సార్. మాస్టర్ అందరి ముంగట ఇజ్జత్ తీసిండు. మల్ల పిలువనే లేదు. గిటార్ అమ్మేసి స్టీరింగ్ పట్టిన. ఇన్నొద్దులు నా చేతులే మంచిగ లెవ్వనుకున్న. అమెరికోళ్లు గూడ తప్పుతరా! ఇగ ఫికర్ లేదు సార్, దిల్ హల్కా అయింది."

ఆ రోజు నుంచి రోజూ అదే క్యాసెట్. తప్పిన చోటు రాగానే స్టీరింగ్ మీద ఒక్క దెబ్బ కొట్టి, అద్దంలో నాకేసి కన్నుగీటేవాడు. వ్యాన్లో అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, ఏం చేయను?

నా అబద్ధం అతన్ని సంతోషపెట్టింది కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. నిజమే, పెట్టింది. అమెరికావాళ్లు కూడా తప్పుతారని తెలిసినందుకే అంత పొంగిపోయిన మనిషికి, నువ్వు తప్పిన చోటికే నాలుగు ఊళ్లు ఎగురుతున్నాయి యాదగిరీ అని చెప్పి ఉంటే? మళ్లీ గిటార్ కొనుక్కునేవాడేమో. ఆ క్యాసెట్ పట్టుకెళ్లి మాస్టర్ ముందు పెట్టేవాడేమో. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆ ముక్క నేను చెప్పలేదు. అసలు ఆ కన్నుగీటడమేమిటి? తన చెయ్యి తనకు తెలియదా? అంతా తెలిసే నన్ను వదిలేశాడా? ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి మంచినీళ్లు తాగుతాను.

ఏడాదికి వ్యాన్ల కాంట్రాక్టు మారింది, యాదగిరి వెళ్లిపోయాడు. నార్సింగి మీదుగా కొన్ని వందలసార్లు తిరిగాను. ఒక్కసారి కూడా ఆగి అడగలేదు.

లలితను పెళ్లి చేసుకున్నాను. మొదటి పెళ్లిరోజుకి ఆవిడ ముచ్చటపడి నాకు బేస్ గిటార్ కొనిచ్చింది. ఆ రోజు నుంచి నాకు వేలు నొప్పి. ఎందరు డాక్టర్లకు చూపించిందో పాపం! మొన్న గిటార్ మీద దుమ్ము దులుపుతూ, ఇప్పుడు ఎలా ఉంది వేలు అని అంత ప్రేమగా అడిగింది. ఇక నావల్ల కాలేదు, కూర్చుని ఇది రాస్తున్నాను. ఆవిడ చదివిందంటే ప్రొద్దుటూరు అనే మాట దగ్గరే పట్టేస్తుంది. పట్టనివ్వండి.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి మీరు కాదు. రాస్తుంటే మాత్రం హాయిగా ఉంది, దాచడమెందుకు. దీని కింద నా పేరు వేయడం లేదు. పిరికితనం అంటారా? కొంత అదే. కానీ రాయకూడని చోట ఒకసారి రాశాను, ఆ ఒక్కసారి చాలు. ఆ పాటలో బేస్ గిటార్ వాయించింది నార్సింగి యాదగిరి. తప్పిన చోటు కూడా ఆయనదే. జనం ఎగిరింది అక్కడే.