కోడితో మాట్లాడిన చలికాలం

నాకు కోళ్ళంటే పడదు. ‘పడదు’ అన్నది మర్యాదకు వాడుతున్న మాట. రెక్కలుండీ ఎగరలేక, ఆ ఉక్రోషమంతా మనుషుల మీద తీర్చుకునే జాతి అది. ఈ అభిప్రాయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. విశాఖపట్నం మీద బాంబులు పడ్డ ఏడాది చలికాలంలో మా అత్తగారు స్వయంగా రైల్లో తెచ్చిచ్చారు.

నేనప్పుడు కోటబొమ్మాళిలో బడిపంతుల్ని. కాపురం కొత్త. ఇల్లంటే ఒక గది, ఒక వంటసాల, అగ్గిపెట్టెకు అన్నగారి లాంటి పెరడు. కార్తీకం ఇంకా పూర్తిగా వెళ్ళనైనా లేదు, నౌపడ అవతలినుంచి మా అత్తగారు దిగారు. నెత్తిమీద గంప, గంపలో ఊకలో సర్దిన పదకొండు గుడ్లు, చంకలో నల్లచుక్కల పెట్ట. వాళ్ళ ఊళ్ళో తెగులొచ్చి కోళ్ళన్నీ పోయాయట. ఆవిడ పెరడంతటికీ మిగిలింది ఈ ఒక్క పెట్ట. దీన్ని ఇక్కడ పొదగేసి, పిల్లలు పెద్దవై, తల్లి వాటిని పొడిచి తరిమేదాకా ఉండి, అప్పుడు వెళతారట.

మా వైపు అత్తగారు అల్లుడి ఎదటపడి మాట్లాడదు. తలుపు చాటున నిలబడి కూతురితో చెబుతుంది. వినవలసినవాడు వింటాడు. మా ఆవిడ రెండు రోజులు ఈ మాటల మూటలు మోసి, మూడోనాడు “నానేటి, టెలిగ్రాఫు తీగనేటి? మీ తగువు మీరే పడండి!” అని దణ్ణం పెట్టేసింది. ఆ పూటనుంచే మా అత్తగారు కోడితో మాట్లాడటం మొదలుపెట్టారు. దీంట్లో ఆవిడకి ఇంకో సుఖం కూడా ఉంది. కూతురితో చెబితే అల్లుణ్ణి మన్నించి మాట్లాడాలి. కోడికి ఆ పట్టింపు లేదు.

బయట మంచనీ, బావురుపిల్లి తిరుగుతోందనీ, కోడిని గంపతో సహా నా మంచం పక్కనే ప్రతిష్ఠించారు.

“ఒసే కోడీ, పొద్దు నడినెత్తికొస్తన్నాది. ఈ ఇంట్లో ఓ పెద్దమనిసి ఇంకా గుడ్లు పొదుగుతన్నాడే!”

నడినెత్తి మాట దేవుడెరుగు, ఆ మంచులో మా వీధికింకా తెల్లారనే లేదు. నేను దుప్పట్లోంచే జవాబిచ్చేవాణ్ణి.

“కోడమ్మా, నౌపడ వైపు పాసింజరు రోజూ ఉన్నాది. ఎవులికైనా కావలిస్తే టిక్కెట్టు నేనే తెస్తాను.”

“సూసావేటే? నూకలు నువ్వు తింటే ఈ బాబుకి కడుపునొప్పి!”

కోడి ఇద్దరి మాటలూ విని, ఒంటికన్నుతో నన్నే చూసేది. పేరుకి మధ్యవర్తే గాని, మొదటినుంచీ అది వాళ్ళ పక్షం.

ఇరవయ్యొకటో నాడు తొమ్మిది పిల్లలు లేచాయి. నాకు ఆనందం పట్టలేదు. ఇవి ఎంత తొందరగా పెద్దవైతే ఆ పాసింజరు అంత తొందరగా కదులుతుంది. మూడోనాడే ఒకటి చలికి కొయ్యబారిపోయింది. ఆ మర్నాడు ఇంకోదాన్ని గద్ద ఎత్తుకుపోయింది. అత్తగారు కళ్ళొత్తుకుని, కోడి వీపు నిమిరారు.

“ఏడవకే. అన్నీ పోతే మళ్ళీ పొదగేద్దుం. మనకేటి తొందర? ఉగాది కాకపోతే ఏరువాక.”

ఆ క్షణంనుంచి, ఇచ్ఛాపురం మొదలు విజయనగరం దాకా, కోడిపిల్లల్ని నాకంటే భక్తిగా కాచినవాడు లేడు. తలకి తువ్వాలు చుట్టి, వెదురుకర్ర పట్టుకుని, పళ్ళు టకటకలాడుతూంటే పెరట్లో కావలి. జపాను విమానాలు విశాఖపట్నం మీద తిరిగింది ఒక్కరోజు. గద్ద మా పెరటి మీద నెలన్నర తిరిగింది. నాకు సైరనైనా మోగించినవాడు లేడు. నా కుంపటి గంప పక్కకి చేరింది. నా మఫ్లరు గంపలో పరుపైంది. ఒకరోజు బళ్ళో పలకలు దిద్దుతూంటే నా చొక్కా జేబు “కీచ్” మంది. నీరసంగా ఉన్న కోడిపిల్లని వెచ్చగా ఉంటుందని వేసుకుని మరిచిపోయాను. బడి మొత్తం వారం రోజులు నవ్వింది.

పుష్యం పోయి మాఘం వచ్చింది. ఏడింటికీ ఈకలు దిగాయి. తల్లి ఒకటి రెండింటిని పొడవడం కూడా మొదలెట్టింది. నేను మనసులో టిక్కెట్టు కొనేశాను.

అప్పుడు తెగులు మా ఇంటికీ వచ్చింది.

పెట్ట మెడ ఒక పక్కకి మెలితిరిగిపోయింది. తిండి మానేసింది. పిల్లల్ని వేరే గంపలోకి మార్చాం. అత్తగారు మిరియాలూ వెల్లుల్లీ నూరి తెస్తే, ముక్కు తెరిచి పట్టుకున్నది నేనే. అంత నీరసంలోనూ నా వేలు పొడిచింది. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, “పేణం ఉండగానే కోసీండి, కూరైనా దక్కుతాది” అంది. మా అత్తగారు చూసిన చూపుకి గోడమీది గుమ్మడిపాదు వాడిపోయింది. మూడోనాటి పొద్దున పెట్ట గంపలో చచ్చిపడి ఉంది.

ఆ రోజు మా ఇంట్లో మాట పుట్టలేదు. పులుసులో ఉప్పు లేదు. ఎవరితో చెప్పను? నేను పొద్దెక్కేదాకా పడుకున్నాను. లేవమనడానికి ఆవిడకీ దిక్కు లేదు. ఇద్దరం ఎవరి మూల వాళ్ళం కూర్చుని గంపకేసి చూశాం.

సాయంత్రం పెరటి మూల గొయ్యి తవ్వుతున్నాను. వెనకనుంచి గొంతు వినిపించింది.

“లోతుగా తవ్వండి బాబూ. నక్క లాగీస్తాది.”

చుట్టూ చూశాను. కోడి లేదు. మా ఆవిడ దూరంగా గుమ్మంలో ఉంది. ఆ మాట అచ్చంగా నాతోనే! గునపం కాలిమీద పడాల్సింది, వేలెడు దూరంలో తప్పింది.

ఇంకా లోతుగా, నుయ్యి పడేటంత తవ్వాను. పెట్టని ఆవిడే చేత్తో పడుకోబెట్టారు. మట్టి కప్పాక చేతులు దులుపుకుని, గొయ్యి వైపు చూస్తూనే నాతో అన్నారు.

“రేపటి పాసింజరుకి టిక్కెట్టు తెండి. ఆ ఏడింటినీ పట్టుకుపోతాను. మా పెరడు బోసిగా ఉన్నాది.”

రెండున్నర నెలలు నేను తపస్సు చేసింది ఈ మాట కోసం. సరే అందామనే నోరు తెరిచాను.

“తల్లి లేని పిల్లలండి. ఇంత సలిలో రైలెక్కిస్తే సచ్చిపోతాయి. సలి తగ్గీదాకా ఉండండి” అంది నా నోరు.

ఆ మాట నాది కాదని ఇప్పటికీ వాదిస్తాను. గుమ్మంలో మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు.

“ఉండమంటే ఉంటాను. నాకేటి?”

మర్నాడు మంచింకా విడవలేదు. నేరుగా నా నెత్తిమీదే వినపడింది.

“లెగండి బాబూ, పొద్దెక్కింది. కుంపట్లో బొగ్గులెయ్యండి, పిల్లలు వణుకుతన్నాయి.”

ఎదటపడి చెప్పిన అత్తగారికి ఎదురు చెప్పలేం. దాపున కోడైనా లేదు. లేచాను.