మేక పొడిచిన మబ్బు

ముందే చెప్పేస్తున్నాను, నేను చెప్పేది జల్లెడ పట్టుకుని వినండి. మా ఇంట్లో పిల్లి ఈనితే నా నోట పులి ఈనుతుంది. అది నా తప్పు కాదు, గాలీ ఎండా తప్ప వేరే ఏమీ పెద్దగా లేని సీమలో పుట్టినవాడు మాటలనైనా పెద్దవి చేసుకోకపోతే ఎట్లా బతుకుతాడు?

మొన్న కర్నూలులో మా చిన్నదాన్ని వెంటబెట్టుకుని రంగుల బొమ్మల సినిమాకు పోయాను. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి కొత్త తోలు చెప్పులు విప్పి కాళ్లు పైకి మడుచుకున్నాడు. ఆ ఉక్కలో వేడెక్కిన తోలు వాసన ముక్కుకు తగిలిందో లేదో, తెర మీద కుందేళ్లు వేయి ఎగురుతున్నా నాకు ఒక్కటీ కనబడలేదు. ఆముదం దీపం ముందు వెచ్చబడే మేకతోలు బొమ్మ వాసన అది. నేను ఆ వాసన మీద ఎక్కి, టిక్కెట్టు లేకుండా, బద్వేలుకు బండిదూరంలో ఉన్న మా ఊరికి వెళ్లిపోయాను.

బొమ్మల సినిమాల మీద నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి, ఇంట్లో ఎవరూ వినరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇప్పటి బొమ్మలు తెగ ఉరుకుతాయి. కొండ మీద నుంచి పడి, దోసెలా పరుచుకుపోయి, మళ్లీ లేచి దులుపుకుని పోతాయి. బాగానే ఉంటుంది. కానీ బొమ్మను ఉరికేటప్పుడు కాదు, నిలబడినప్పుడు చూడాలి. ఊరికే నిలబడినప్పుడు కూడా దానికి ప్రాణం ఉందనిపిస్తే అది బొమ్మ, లేకపోతే వట్టి గీత. ఈ మాట నాది కాదు, మా ఊరికి తోలుబొమ్మలు ఆడే ఓబన్నది.

ఓబన్న మీసాలు ఎంత పొడుగంటే, ఒక మీసం ఊళ్లోకి వచ్చిన కాసేపటికి గానీ మనిషి వచ్చేవాడు కాదు. వాన మొండికేసిన ఏడు అతన్ని పిలిపించి ఆట ఆడించడం మా ఊరి ఆనవాయితీ. ఆడపిల్లలు రోకలికి కప్పను కట్టుకుని ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకోవడం, ముత్తైదువలు పొలిమేరలో పొంగళ్లు పెట్టడం, అయినా మబ్బు కరగకపోతే ఓబన్న తెర కట్టడం. తెర ముందు కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టిన ఆటను మంగళహారతి దాకా ఆడాల్సిందే. మధ్యలో ఆపితే ఊరికి అరిష్టం. మేము పిల్లకాయలం జొన్నరొట్టె మీద ఊరిబిండి అద్దుకుని, ఆ కారానికి చెవుల్లోంచి పొగలు కక్కుతూ, ముందు వరసలో దుమ్ములోనే కూర్చునేవాళ్లం.

నేను చెప్పే ఏడు యుద్ధం రోజులది. ఆరుద్ర కార్తెలో రెండు పదునుల వాన పడితే అందరూ కొర్ర విత్తారు, మొలక జానెడు లేచింది, ఆ తర్వాత ఆకాశం మా ఊరి దారే మర్చిపోయింది. కాకులు నీడ కోసం ఒకదాని కింద ఒకటి ఎగిరేవి. మా నాయన తండ్రిని మేము అబ్బ అనేవాళ్లం. ఆయనకు రెండెద్దులు, బొల్లోడూ పుల్లోడూ. తన కంచంలో ముద్ద వాటి నోట్లో పెట్టి గానీ తినేవాడు కాదు, పుల్లోడికి ఊరిబిండి గిట్టదని ఇంటిల్లిపాదికీ ఉప్పూకారం తగ్గించాడు. పైరు ఎండితే మేత ఉండదు, మేత లేకపోతే ఎద్దులు సంతకు పోవాల్సిందే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

అప్పుడే బద్వేలులో ఒక సాయిబు సినిమా డేరా వేశాడు. పెద్ద సినిమాకు ముందు ఒక చిన్న విదేశీ బొమ్మల రీలు చూపించేవాడు. నలుపూ తెలుపూ. దాంట్లో ఒక మేకపిల్ల ఈతచెట్టు ఎక్కి, ఎనుములా పడుకుని గుర్రుపెడుతున్న మబ్బును కొమ్ములతో పొడుస్తుంది. మొదటిసారి మబ్బు ఒత్తిగిలుతుంది. రెండోసారి ఆవలిస్తుంది. మూడోసారి భోరున కురుస్తుంది. అబ్బా, ఆయన పెండ్లాం మా జేజీ, నేనూ దాన్ని చూసి ఇంటికి వచ్చిన పూట మా ఊరి మీద నాలుగు చినుకులు రాలాయి. అంతే, మా జేజి తీర్పు చెప్పేసింది.

“ఓబన్న బొమ్మలాడితే వానొచ్చె, సాయిబు బొమ్మలాడినా వానొచ్చె. తెల్లగుడ్డ ఒకటే గదా.”

మరుసటి రోజు ఊరు ఊరంతా బండ్లు కట్టింది. ముందు బండికి బొల్లోడూ పుల్లోడూ. ఓబన్ననూ అతని పెండ్లాన్నీ కూడా బతిమాలి ఎక్కించుకున్నారు. అతను మొహం గంటు పెట్టుకుని, బొమ్మల బుట్ట ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. బొమ్మలను ఒంటరిగా ఇంట్లో వదిలిపెట్టే అలవాటు అతనికి లేదు. పొద్దు వాలగానే డేరాలోకి పోయి, జనమంతా తెర ముందు కూర్చుంటే అతను మాత్రం తెర వెనకకు పోయి కూర్చున్నాడు. ఆటగాడి చోటు అదే కదా. మా ఊరిపెద్ద తెర ముందు కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగిస్తుంటే, డేరా అంటుకుంటుందని సాయిబు గుండె బాదుకున్నాడు.

రీలు మొదలైంది. మేకపిల్ల చెట్టెక్కింది. ఒకసారి పొడిచింది. రెండోసారి పొడిచింది. మూడోసారి తల వెనక్కి తీసుకుంది, సరిగ్గా అప్పుడు దాని కడుపులో గోధుమరంగు మచ్చ ఒకటి లేచి, పెద్దదై, మేకనూ మబ్బునూ కలిపి మింగేసింది. రీలు కాలిపోయింది. తెర మీద వట్టి తెల్లటి వెలుగు.

పెద్ద సినిమా వేస్తాను, చూసిపొమ్మన్నాడు సాయిబు. అబ్బ లేచి నిలబడ్డాడు.

“మేము సినిమాకు రాల్యా సాయిబూ. వానకొచ్చినాం. మొదులుపెట్టిన ఆట మద్దెలో ఇడిసిపెట్టి యాడికి పోయేది?”

“నేనేం జేసేదప్పా, వాన ముక్కే కాలిపాయ.”

అబ్బ తెర వైపు తిరిగి, గుడ్డ వెనక ఉన్న మనిషితో మాట్లాడాడు. “ఓబన్నా, నువ్వే ముగించల్ల.”

గుడ్డ వెనక బొమ్మల బుట్ట మూత లేచిన చప్పుడైంది. తర్వాత ఓబన్న గొంతు వినబడింది. “ఆ మేక ఉరుకుతాంది, ఎగురుతాంది, అంతా బాగుండాది. ఊపిరే తీసుకోల్యా. అందుకే కాలిపాయ. నాతాన మేక ల్యా. జింకుండాది.”

“కొమ్ములుండాయి గదా, సాలు.”

బొమ్మలాట ఆడేవాడు తెర ముందుకు రాడు, మనిషి కనబడితే బొమ్మ చచ్చిపోతుందని వాళ్ల నమ్మకం. కానీ ఇక్కడ దీపం తెర ముందే ఉంది. ఓబన్న గుడ్డ అంచు పట్టుకుని, మొదటిసారి బడికి పోయే పిల్లాడిలా, జనం ముందుకు వచ్చాడు. యంత్రం వెలుగులోకి జింకను ఎత్తాడు. ఎరుపూ ఆకుపచ్చా ఒక్కసారిగా మండాయి. నేను చూసిన మొట్టమొదటి రంగుల సినిమా అదే. జింక ముందు ఉరకలేదు, ఊరికే నిలబడింది. దాని డొక్క మెల్లగా లేచి పడింది. అబ్బ తన నల్ల కంబళిని రెండు చేతులా ఎత్తి మబ్బైపోయాడు. జింక పొడిచింది. ఓబన్న పెండ్లాం చెక్క చెప్పులతో బల్ల మీద తొక్కి ఉరుములు ఉరిమించింది. అప్పుడు మా జేజి, దేవుడికని కొంగున ముడి వేసుకొచ్చిన విత్తనపు కొర్రలను గుప్పిట నిండా తీసి ఆ వెలుగులోకి ఎగజల్లింది. ఆడవాళ్లందరి కొంగుముళ్లూ ఊడాయి. బంగారం లాంటి గింజలు మెరుస్తూ జారుతుంటే, ఎగజల్లిన వాళ్లే తల మీద కొంగు కప్పుకున్నారు. ఓబన్న తడబడకుండా మంగళహారతి పాడాడు.

ఇక వాన అంటే వానా? డేరా ఎగిరిపోయి మహానంది కోనేట్లో పడింది. సాయిబు యంత్రం పెట్టె మీద కూర్చుని తెడ్డు వేసుకుంటూ పెన్న దాటాడు. బొల్లోడూ పుల్లోడూ ఈదుకుంటూ మమ్మల్ని ఇంటికి చేర్చి, ఒళ్లు విదిలించుకుంటే మా ఊరి చెరువు మరోసారి నిండింది.

ఇప్పుడు డేరా లేదు. ఆ చోట నాపరాళ్లు దించే లారీలు ఆగుతాయి. వాన కోసం తెర కట్టేవాళ్లు లేరు. ఓబన్న మనుమళ్లు తోలుతో దీపాల గొడుగులు చేసి పట్నాలకు పంపుతున్నారట, పెద్దవాళ్ల ఇళ్లల్లో మా జింక కదలకుండా వెలుగుతుంటుంది. తెల్లగుడ్డకు కొబ్బరికాయ కొట్టే మనుషులు కూడా లేరు. కొట్టినా మా చిన్నది నవ్వుతుంది.

జల్లెడలో ఏం మిగిలిందో చెప్పాలి కదా. ఈనిన పులినీ, మీసాలనూ మీరే తీసేసి ఉంటారు. మేక నిజం, కాలిన రీలు నిజం. జింక ఊపిరి తీసుకోవడం నిజం, కొర్రల వాన నిజం, ఇవి అబద్ధమని మీరు అనుకుని ఉంటారు. నేను కల్పించింది వాన ఒక్కటే. ఆ పూట ఒక్క చినుకూ రాలలేదు. ఆడవాళ్లు డేరా నేల మీద దుమ్ములోంచి గింజలు ఏరుకుని మళ్లీ కొంగున కట్టుకున్నారు. తర్వాతి సంతకు అబ్బ ఎద్దులను తోలుకుపోయి, పలుపులు భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని, అలవాటుగా మొదటి ముద్ద పక్కకు చాచి, కాసేపు అట్లాగే పట్టుకున్నాడు.

మొన్నటి సినిమాలో కూడా చివర వాన కురిసింది, నీలం రంగులో, చాలా బాగా గీశారు. ఎందుకు నాయనా ఏడుస్తున్నావని మా చిన్నది అడిగింది. పక్కాయన చెప్పుల వాసనకని చెప్పాను.