కొత్త ట్యాబ్‌లో ఆమె ఫోన్

నా భార్య పోయిన మూడు నెలలకు, మదనపల్లెలోని మా ఇంట్లో ఆమె ల్యాప్‌టాప్ తెరిచాను. ఆమె పాఠాలు చెప్పిన బడి నుంచి ఏవో కాగితాలు మెయిల్లో రావాలి. కొత్త ట్యాబ్ నొక్కితే ఆమె పెట్టుకున్న ఫోటో వచ్చింది. రామకుప్పం దగ్గర ఆమె చెల్లెలి రాగిచేను, ఏనుగులు రాకుండా కావలి కాసే మంచె. మంచె మీద ఎవరూ లేరు. దాని కింద చిన్న కార్డు: "మీ ఫోన్ నుంచి. గంట క్రితం." ఆ కార్డులో ఎవరో వెతికిన మాటలు: "మింగేటప్పుడు గొంతులో అడ్డం పడితే ఏమి".

ఆ ప్రశ్న నాకు తెలుసు. కిందటేడు ఇదే పేజీలో ఆమె అదే అడిగింది. పక్కనే కూర్చుని నేను పుస్తకం చదువుకుంటున్నాను. పిల్లల పరీక్షలు అయ్యాక చూపించుకుంటానంది, సరేనన్నాను. చూపించుకునేసరికి ఆలస్యమైంది.

నేను దయ్యాలను నమ్మను. పాతదేదో పైకి వచ్చిందనుకుని, పేజీ మూలనున్న పెన్సిలు గుర్తు నొక్కి, కార్డులు చూపించవద్దని పెట్టాను. ఫోటో మాత్రం ఉంచాను. మూడో రోజు బ్రౌజర్ అప్‌డేట్ అయింది. కార్డు మళ్లీ వచ్చింది. "రాగిముద్ద గూడా దిగకపోతే". పది నిమిషాల క్రితం.

నా భార్య రాగిముద్ద తినేది కాదు. ముద్దను నమలకుండా మింగడం తనకు చేతకాదనేది. మరి అడిగింది ఎవరు? చాలాసేపటికి గుర్తొచ్చింది. దినాల రోజున ఆమె వాడిన వస్తువులు పుట్టింటివాళ్లకు పంచాం. ఫోన్ చెల్లెలికి వెళ్లింది. తుడిచేస్తే అక్క ఫోటోలు పోతాయని అందులో ఏదీ మార్చనివ్వలేదు. అక్క ఖాతా అలాగే ఉండిపోయింది.

వెంటనే ఫోన్ చేశాను.

"ఏం బావా, ఇన్నాళ్లకు మేం గుర్తొచ్చినామా? రాగులు అయిపోయినాయా?"

"రాగులు ఉండాయిలేమ్మా. ముద్ద దిగతాండాదా నీకు?"

ఆమె గొంతు తగ్గింది. "ఎవురు సెప్పినారు?"

"దిగతాండాదా, లేదా?"

"నీళ్లు తాగితే దిగతాది. కోతలు అయిపోనీ బావా, సూపిచ్చుకుంటా."

"మీ అక్క గూడా పరీక్షలు అయిపోనీ అనింది."

"మా ఇంటాయనకు గూడా సెప్పలేదే నేను. అక్క కల్లోకొచ్చి సెప్పిందా?"

కాదనవలసింది. అనలేదు. కాదంటే రాదేమోనని భయం.

"రేపు కుప్పం ఆస్పత్రి కాడ ఉంటా. కాలీ కడుపుతో రా."

మరునాడు పుంగనూరు మీదుగా బస్సులో వెళ్లాను. ఆమె ముందే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. డాక్టరు గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. వారం తర్వాత ఇద్దరినీ పిలిచి, జబ్బు అక్కకు వచ్చిన క్యాన్సరేననీ, అయితే మొదట్లోనే వచ్చారనీ, సోమవారం నుంచి వైద్యం మొదలుపెడితే నయమవుతుందనీ చెప్పాడు. నాకు ఊపిరి ఆడింది. బస్టాండులో, సోమవారం వస్తావు కదా అంటే ఆమె మాత్రం తల వంచుకుంది.

మరునాటి ఉదయం కొత్త ట్యాబ్ తెరిచాను. "మీ ఫోన్ నుంచి. ఇప్పుడే." కింద ఆమె ప్రశ్న: "చచ్చిపోయినోళ్లు పిలిస్తే పోవల్లనా".

నేను కాదనకుండా వదిలేసిన మాట ఆమె దగ్గర అలా పెరిగింది. అక్క తనను ఆస్పత్రికి కాదు, తన దగ్గరికే పిలుస్తోందనుకుంటోంది. అలా అనుకున్న మనిషి వైద్యానికి ఎందుకు వస్తుంది?

ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఖాతా, కార్డు, నేను చదివిన ప్రతి ప్రశ్న.

ఆమె గొంతు పెరిగింది.

"అంటే, నేను ఎతికిందంతా నువ్వాడ కూసోని సూస్తాండావా? వారం నుంచి నిద్రలేదు బావా నాకు! అక్క ఒక్కతే ఉండలేక పిలస్తాండాదని ఏడ్సి ఏడ్సి సచ్చినా. నీకు బుద్ధుండాదా?"

"లేదమ్మా. తప్పు నాదే. ఇప్పుడే ఆ కార్డు తీసేస్తా."

నేను పెన్సిలు గుర్తు మీదికి వెళ్లాను. ఆమె ముక్కు చీదుకోవడం వినబడింది.

"ఉండనీ," అంది. "వైద్యం అయిపోయేదాకా ఉండనీ. ఈడ ఎవురినీ అడగలేను నేను. నేను అడిగేది నువ్వన్నా సూడు."