కొత్తగూడ బావిలో నా అగ్నిపర్వతం

ఒక రైతు బావి పనిని మూడు రోజులు ఆపించి, మా ప్రొఫెసరు గారిని మండుటెండలో కొత్తగూడ దాకా రప్పించి, పదిమంది ముందు నా పరువును నేనే పారతో తవ్విపోసుకున్న కథ ఇది. మీరు నవ్వినా నాకేమీ అభ్యంతరం లేదు. ఆ రోజు నవ్వినవాళ్ల ముందు మీరెంత.

అప్పుడు భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఆ ప్రాంతం ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేదని, ఎక్కడో అగ్నిపర్వతాలు పేలితే ఆ బూడిద నీళ్లలో పడి బురదతో కలిసి పొరలుగా పేరుకుందని చదువుకున్నాను. అలాంటి పొర ఒక్కటి దొరికితే నా ప్రాజెక్టు పండినట్టే. కొత్తగూడ తండాలో రైతు భద్రు అన్న తన బావిని వెడల్పు చేయిస్తుంటే చూడబోయాను. పైమట్టి కింద జానెడు మందాన బూడిదరంగు పొర కనిపించింది. ముట్టుకుంటే పౌడరులా మెత్తగా ఉంది. అగ్నిపర్వతం సంగతేమో గాని, నా బుర్ర అక్కడే పేలిపోయింది.

“అన్నా, పని ఆపు. ఇది కోట్ల ఏండ్ల కిందటి బూడిద,” అన్నాను.

“మిర్చికి నీళ్లు లేవు తమ్మీ. ఎన్ని దినాలు ఆపాలె?”

“మూడు దినాలే. మా సారు వచ్చి చూస్తరు.”

“అగ్గి మల్ల లేస్తదా ఏంది?”

“లేవదన్నా. సల్లారి శానా కాలమైంది.”

చదువుకున్నవాణ్ణని పాపం నమ్మాడు. మూడు రోజులూ మిర్చి మొక్కలు తలలు వేలాడేస్తుంటే, నేను గొడుగు పట్టుకుని బూడిదకు కాపలా కాశాను.

మూడో రోజు ప్రొఫెసరు గారు వచ్చి ఆ పొరను వేలితో కాస్త కెలికారు. మాడిన చింతగింజ ఒకటి బయటికి తీసి నా అరచేతిలో పెట్టారు.

“ఏమయ్యా, ఆ సముద్రం ఒడ్డున ఎవరో పులుసు కాసుకున్నట్టున్నరు.”

భద్రు అన్న తల్లి అప్పుడే కూతురింటి నుంచి తిరిగొచ్చి గట్టు మీద నిలబడింది. “గది నా పొయ్యి బూడిదే బిడ్డా. వీడు పుట్టకముందు మా పాత గుడిసె గీడనే ఉండె. రోజూ గా గుంతల్నే పోస్తుంటి,” అంది.

కూలీలు కడుపులు పట్టుకుని కూర్చున్నారు. సారు మాత్రం నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. బావిలోకి దిగి, అడుగున ఆకుపచ్చగా కనిపిస్తున్న రాతి పట్టీని సుత్తితో కొట్టారు. ఖంగుమంది.

“నీ బూడిద గిది. సముద్రం అడుగున అంత బరువు కింద అన్ని ఏండ్లు నలిగి రాయైంది. పౌడరు లెక్క ఎట్ల మిగులుతది?”

ఆ మూడు రోజులూ నీడకని బావిలోకి దిగినప్పుడల్లా ఆ రాతి మీదే నా తువ్వాలు పరుచుకున్నాను.

“ఇగ తవ్వుకోవచ్చా తమ్మీ?” అన్నాడు భద్రు అన్న నెమ్మదిగా. తిట్టి ఉంటే బాగుండేది. పార అందుకుని చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వాను. వారం తిరక్కుండా నీళ్లు పడ్డాయి, మిర్చి బతికింది, ఆ పచ్చరాయి పుణ్యమా అని నేనూ పాసయ్యాను.

సుత్తి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: అక్కడి అవ్వను అడగకుండా, ఈ జన్మలో మరే బూడిదకూ అగ్నిపర్వతాన్ని అంటగట్టను.