వాసన లేని బండి

మా పాత కారు డిక్కీ ఒక్కసారి కొడితే పడదు. కుడి మూల మీద అరచేయి పెట్టి, ఒంటి బరువు ఆనించి, లోపల చప్పుడు వినిపించేదాకా నొక్కాలి. వెనక ఎడమ అద్దం దిగడానికి వెంటనే ఒప్పుకుంటుంది గానీ ఎక్కడానికి బతిమాలించుకుంటుంది. ఈ రెండూ తప్ప దాని మీద చెప్పుకోదగ్గ ఫిర్యాదు నాకు లేదు. తెల్ల రంగు, నాలుగు తలుపులు, వెనక పొట్టి డిక్కీ. ఈ మధ్య ఊరినిండా కనబడుతున్న ఎత్తు బండ్ల పక్కన ఆగితే, అది నిలబడినట్టు కాక కూర్చున్నట్టు ఉంటుంది.

దాన్ని ధర్మవరంలో కొన్నాను. అప్పట్లో ఒక పత్రికకు హిందూపురం నుంచి వార్తలు రాసేవాణ్ని. మగ్గాల మీద కథనం కోసం ధర్మవరం వెళ్లినప్పుడు ఒక పట్టుచీరల వ్యాపారి పరిచయమయ్యాడు. చీరలు బెంగళూరు అంగళ్లకు చేర్చడానికి వాడుతున్న కారును అమ్మి పెద్దది తీసుకోవాలని చూస్తున్నాడు. తాళం చేతికిచ్చేటప్పుడు ఇంజిన్ గురించి ఏమీ చెప్పలేదు. చెప్పింది ఒక్కటే.

"సెంటు సీసాలు దీంట్లో పెట్టద్దండి సార్. నేనెప్పుడూ పెట్టల్యా. పట్టుకు వాసన పట్టిందంటే పోదు. అగరొత్తి గూడా బయటనే తిప్పి దండం పెట్టుకుంటాంటి."

నేను చీరలు మోసేది లేదు గదా అనుకున్నాను. అయినా ఒక మనిషి అంత శ్రద్ధగా కాపాడుకున్న పద్ధతిని చెడగొట్టడం ఎందుకని, నేనూ దాన్నే పట్టుకున్నాను. అద్దానికి ఏమీ వేలాడదీయలేదు. బండిలో ఎవరినీ బీడీ, సిగరెట్ ముట్టించనివ్వలేదు.

విలేకరికి బండి అంటే, అనుకున్న వేళకు అనుకున్న చోట దించేది. అంతకుమించిన గొప్ప దానికి అక్కరలేదు. చిత్రావతి పారిన వానల్లో ధర్మవరం వెళ్లివచ్చాను. రాళ్లు కాలే ఎండల్లో పెనుకొండ కొండ కింద గంటల తరబడి నిలిపి, వచ్చి తాళం తిప్పితే పలికేది. నాయన చివరి రోజుల్లో పుట్టపర్తి ఆసుపత్రికి ఎన్నిసార్లు తిరిగామో, ప్రతిసారీ ఆయన వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని నిద్రపోయేవాడు. ఆయిలు మార్చే వేళ నేనెప్పుడూ దాటించలేదు. హిందూపురంలో మెకానిక్ మాత్రం నన్ను చూసి విసుక్కునేవాడు. "దీనికేం రోగముండాది సార్? మీకు పొద్దుపోక తోలుకొస్తాండారు" అని తిట్టి, తిడుతూనే బానెట్ ఎత్తేవాడు.

మా అక్కది పెనుకొండ దగ్గర ఒక చిన్న పల్లె. బావ పోయిన తర్వాత వేరుశనగ మానేసి, బోరు కింద మల్బరీ పెట్టి, పట్టుపురుగులు పెంచడం మొదలుపెట్టింది. పురుగు పెంచేవాళ్లకు వాసన అంటే హడలు. దోమల బత్తి, ముఖానికి రాసుకునే పౌడరు, పక్క పొలంలో కొట్టిన మందు, ఏది తగిలినా పురుగు మేత మానేస్తుందంటారు. సెంటు పూసుకుని వచ్చిన చుట్టాన్ని అక్క షెడ్డు చాయలకు కూడా పోనీయదు. వాకిట్లోనే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, క్షేమ సమాచారాలు అడిగి పంపేస్తుంది.

గుడ్ల నుంచి పురుగును లేపడం రైతు ఇంట్లో అయ్యే పని కాదు. హిందూపురం దాటాక మడకశిర దారిలో ఒక చాకీ కేంద్రం ఉంది. వాళ్లు పురుగులను పుట్టించి, లేత ఆకుతో కొన్నాళ్లు సాకి, రైతులకు ఇస్తారు. తెచ్చుకోవడానికి ఒక అదును ఉంటుంది. మేత మాని, కదలకుండా పడుకుని, పురుగు పాత చర్మం విడిచే దశను మావైపు జ్వరం అంటారు. పురుగు ఆ జ్వరంలో ఉండగానే, ఎండ ముదరకముందే ఇల్లు చేర్చాలి. అది లేచేసరికి షెడ్డులో ఆకు ముందుండాలి. కేంద్రంవాళ్ల వ్యాను ఊరూరూ తిరిగి అక్క పల్లెకు వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. అందుకని ఆ పని నా కారుకు వచ్చింది.

మొదటిసారి అక్క వెనక తలుపు తీసి, తల లోపలికి పెట్టి, గట్టిగా గాలి పీల్చింది.

"ఏమప్పా, నీ బండికి వాసనే లేదే."

"అది మంచిదా, చెడ్డదా?"

"పురుగులకు ఇంతకంటే మంచి బండి యాడుంటాది?"

ధర్మవరం వ్యాపారి ఆ రోజు గుర్తొచ్చాడు. ఆయన చీర కోసం పాటించిన నియమం, ఆ చీరకు మూలమైన పురుగుకు పనికొచ్చింది. తర్వాత చాలా పంటలకు అదే వరస. వెనక సీటు కూర్చునే భాగం ఊడదీసి, పలక పరిచి, తడిగుడ్డ కప్పిన ట్రేలు దాని మీద పేర్చేవాళ్లం. అక్క ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, గుంత వచ్చినప్పుడల్లా నన్ను కాకుండా పురుగులను పలకరించేది.

పోయిన పంట ఆమెకు దక్కలేదు. పక్క చేనులో టమాటకు కొట్టిన మందు గాలికి వచ్చి మల్బరీ మీద పడింది. ఆ ఆకు తిన్న పురుగులు గూడు కట్టే దశలో రాలిపోయాయి. వాటిని గంపలతో ఎత్తి గుంతలో పూడ్చింది.

ఆమె కొడుకు, అంటే నా మేనల్లుడు, ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇంక చాలించమ్మా అని అతను చాలా కాలంగా అడుగుతున్నాడు. ఆ దెబ్బతో అక్క సగం దిగివచ్చింది.

"ఈ ఒక్క పంట చూస్తా. ఇదీ పోతే నీ మాటే నాయనా. తోట దున్నిచ్చేస్తా" అంది.

ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. మల్బరీ మొక్కలను ఆమె ఎలా పెంచిందో చూసినవాణ్ని.

రోజంతా కొత్త కార్ల మధ్య తిరిగే మేనల్లుడికి నా బండిని చూస్తే జాలి. "మామా, దీన్ని నువ్వు తోల్తాండావా, అదే నిన్ను తోల్తాండాదా?" అనేవాడు. దాని రిజిస్ట్రేషన్ గడువు కూడా దగ్గరపడింది. రవాణా శాఖవాళ్లకు చూపించి, పరీక్ష చేయించి, మళ్లీ గడువు తెచ్చుకోవాలి. నాకు బద్ధకం వేసింది. హిందూపురంలో ఒక కిరాణా అంగడాయన కూతురికి డ్రైవింగ్ నేర్పడానికి కావాలంటే అమ్ముతానని ఒప్పుకున్నాను. ఇక ఎలాగూ వెళ్లిపోయేదే కదా అని కొన్ని వారాలుగా దాన్ని కదిలించలేదు. అదే సమయంలో మేనల్లుడు కొత్త కారు కొన్నాడు. మొదటి ప్రయాణం అమ్మ పురుగుల కోసమే అని పట్టుబట్టాడు. కొడుకు ముచ్చట కాదనలేక అక్క తలూపింది.

పురుగులు తెచ్చే రోజు తెల్లవారగానే ఇద్దరూ హిందూపురంలో మా ఇంటి ముందు దిగారు. కారు మెరిసిపోతోంది. మేనల్లుడి ముఖమూ మెరుస్తోంది. అక్క మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దిగింది.

"ఏమక్కా?"

"నువ్వే చూడప్పా."

తలుపు తీశాను. కొత్త తోలు, ప్లాస్టిక్ వాసన. దాని మీద నిన్నటి పూజలో లోపల వేసిన సాంబ్రాణి పొగ. దాని మీద సీట్లకు చుట్టిన మల్లెపూలు. అన్నిటి మీదా, డాష్‌బోర్డు మీద షోరూమువాళ్లు పెట్టిన సెంటు సీసా.

"దేవునికి వేసిన పొగేమ్మా, దానికేమైతాది?" అన్నాడు మేనల్లుడు.

"దేవునికి బాగుంటాది నాయనా. పురుగుకు దేవుడెవరో తెలీదు."

"అద్దాలు దించుకుని పోదాం."

"పెనుకొండ నించి ఈడికి దించుకునే వచ్చినాం గదా. నాకే తల తిరుగుతాండాది. గోరంత పురుగు తట్టుకుంటాదా?" అని నా వైపు తిరిగింది. "నీ బండి యాడుండాది?"

గోడవార ఆకులు రాలి, దుమ్ము పట్టి ఉంది. అక్క తలుపు తీసి తల లోపలికి పెట్టింది. మొదటిసారి పీల్చినట్టే పీల్చింది. కొంగు దించింది. వెనక సీటు ఊడదీయడం మొదలుపెట్టింది.

తాళం తిప్పాను. టిక్కుమంది. మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే. ఇన్నేళ్లలో మాట తప్పనిది ఆ పొద్దున తప్పింది. నిజానికి తప్పు దానిది కాదు. వారాల తరబడి నిలబెడితే ఏ బ్యాటరీ అయినా నిద్రపోతుంది. అక్క ఊడదీసిన సీటును చంకలో పెట్టుకుని ఆకాశం వైపు చూస్తోంది. తూర్పున ఎరుపు పోయి తెలుపు వస్తోంది.

మేనల్లుడు కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత కొత్త కారును నా కారు మూతికి మూతి చేర్చి నిలిపి, దాని బానెట్ ఎత్తాడు. ఎదురింటి లారీ ఆయన దగ్గర తీగలు అడిగి తెచ్చి, ఆ బ్యాటరీకీ ఈ బ్యాటరీకీ కలిపాడు.

"నా బండికి మొదటి పని ఇదా మామా" అన్నాడు.

"మంచి పనే గదప్పా."

"నువ్వు అట్లనే అంటావు. తిప్పు."

ఈసారి పలికింది. అక్క సీటు దించి, ముందు ఎక్కి కూర్చుంది. మేము ముందు, దోవలో ఆగిపోతే ఆసరాకని మేనల్లుడు కొత్త కారులో వెనక. ఆ వరసలో మడకశిర దారి పట్టాం.

కేంద్రం వాకిట్లో ఇంజిన్ ఆపకుండా కూర్చున్నాను. ఆపితే మళ్లీ పలుకుతుందన్న నమ్మకం లేదు. అక్క దిగి, వెనక్కి వెళ్లి పొగగొట్టం చూసి, మళ్లీ ముందుకు వచ్చింది.

"ఆపు."

"ఆపితే లేస్తాదో లేదో అక్కా. లేయకపోతే నీ కొడుకును దగ్గరికి రమ్మని మళ్లా తీగలు కలపల్ల. వాని బండి వాసన ఈడిదాకా వస్తాది."

"ఈ పొగలో ఎక్కిచ్చేదానికంటే ఆ వాసనే మేలు. ఆపప్పా."

ఆపాను. ట్రేలు ఒక్కొక్కటే వచ్చాయి. వాటిలో పురుగులు సన్నటి బూడిద రంగు పోగుల్లా తలెత్తి కదలకుండా ఉన్నాయి. మేనల్లుడు కారును దూరంగా, గాలి అటు పోయే వైపు నిలిపాడు. వచ్చి కేంద్రం కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. తల్లి చూపు చూసి, మోచేతుల దాకా మళ్లీ కడుక్కుని, ట్రేలు అందించాడు. మేము వెళ్లొస్తామన్నప్పుడు కేంద్రం ఆయన ఈసారి పంట బాగా వస్తుందని కన్నడంలో అన్నాడు. అక్క నవ్వింది గానీ ఆ నవ్వు పెదవి దాటలేదు.

తాళం దగ్గర నా చేయి ఆగింది. ఎన్నో ఏళ్లుగా ఆలోచించకుండా చేసిన పని అది. అక్క ట్రేల వైపు తిరిగి కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు.

తిప్పాను. పలికింది. ఒక్క దగ్గు కూడా లేదు.

అక్క డాష్‌బోర్డు మీద అరచేయి పెట్టి రెండుసార్లు తట్టింది, పాలిచ్చిన ఆవును తట్టినట్టు. హిందూపురం, సోమందేపల్లి దాటి పెద్ద రోడ్డు ఎక్కాం. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ నుంచి కొత్త కార్లు ఎక్కించుకున్న పొడుగాటి లారీ ఒకటి మమ్మల్ని దాటి వెళ్లింది. ఎండ ఇంకా చుర్రుమనకముందే పల్లె చేరాం. ట్రేలు షెడ్డులోకి వెళ్లాయి. రోగాలు లోపలికి పోకుండా గడప దగ్గర చల్లిన సున్నానికి ఇవతలే మామా అల్లుళ్లం ఆగిపోయాం.

మరునాడు పొద్దున అక్క ఫోన్ చేసింది. పలకరింపు లేదు.

"మేస్తాండాయి."

"అన్నీ?"

"అన్నీ లేచినాయి. చెవి పెట్టి విన్నా. వాన పడినట్టుండాది."

ఆ ఫోన్ పెట్టేసి కిరాణా అంగడాయనకు చేశాను. ఇవ్వలేనండీ అన్నాను. ఆయన కారణం అడిగాడు. పురుగుల కోసం అని చెబితే, "బండికి రోగమొచ్చి అమ్ముతాండారేమో అనుకుంటి, బాగుండేదాన్ని ఎవరిస్తారు లెండి" అని కోపం లేకుండా పెట్టేశాడు.

గూళ్లు బాగా కట్టాయి. హిందూపురం మార్కెట్‌కు తెచ్చిన రోజు అక్క గుప్పెడు గూళ్లు నా చేతిలో పోసి, చెవి దగ్గర ఆడించి చూడమంది. లోపల పురుగు గలగలమంది. తోట దున్నించే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కారును రవాణా శాఖవాళ్లకు చూపించడానికి మేనల్లుడే సెలవు పెట్టి తీసుకువెళ్లాడు. బ్రేకులు, దీపాలు అన్నీ చూసి గడువు పొడిగించారు. డిక్కీ మాత్రం పడలేదట. నాకు ఫోన్ చేసి, ఎక్కడ నొక్కాలో అడిగి తెలుసుకున్నాడు.

మొన్న పల్లెకు వెళితే కొత్త కారు అక్క వాకిట్లో నాలుగు తలుపులూ బార్లా తెరుచుకుని ఉంది. లోపల సీట్ల మీద, వాసన పీల్చేందుకు, పళ్లేల నిండా కట్టెబొగ్గులు పెట్టి ఉన్నాయి. సెంటు సీసా ఎప్పుడో మాయమైంది.

"ఏమైంది దీనికి?" అని అడిగాను.

"ఏం కాలేదు. వాసన పోవల్లని" అంది అక్క, చేటలో ఆకు చూసుకుంటూ. "వానిది గూడా పురుగులకు పనికి రావల్లంట. కొన్నేండ్లు పడ్తాదిలే. అంతదాకా నీది జాగ్రత్తగా పెట్టుకో."

వెళ్లేటప్పుడు గోంగూర కట్ట తెచ్చి వెనక తలుపు తీయబోయి, ఆగి, డిక్కీలో పెట్టింది. కుడి మూల మీద అరచేయి ఆనించి, చప్పుడు వినిపించేదాకా నొక్కింది.