పెనుకొండ బాడుగ

సొన్నప్ప నగరం అంచున జిగణిలో ఒంటిగది తీసుకుని ఉంటాడు. సొంత కారును బాడుగలకు తిప్పుతాడు. శని, ఆదివారాల్లో మారతహళ్ళి వాళ్ళు ఎక్కువగా పిలుస్తారు. పెనుకొండ, లేపాక్షి లాంటి చోట్లకు పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణాలు. దారిలో అందరూ అడిగేది ఒకటే: "అక్కడ చూసేదానికి ఏమైనా ఉందా?" "బాగుంటాది సార్" అనడం అతనికి అలవాటు. వాళ్ళు కొండెక్కుతారు. అతను సీటు వెనక్కి వాల్చి పడుకుంటాడు.

మొన్న కార్తీకంలో ఒక ఆదివారం రాఘవేంద్ర, అర్పిత అనే భార్యాభర్తలు ఎక్కారు. బాగేపల్లి దాటినా వాళ్ళ వాదన తెగలేదు. అర్పితకు పెనుకొండ చూడాలని ఉంది. తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు వచ్చి ఏలిన ఊరు, కొండమీద కోట. రాఘవేంద్ర ఫోన్‌లో ఎవరెవరో రాసినవి చదివి వినిపిస్తున్నాడు.

"కూలిన గోడలు, ముళ్ళకంపలు, ఎండ. దీనికోసం సండే వేస్ట్ చేసుకోవాలా? లేపాక్షికి పోదాం, తొందరగా అయిపోతుంది."

కొడికొండ దగ్గర దారి చీలుతుంది. సొన్నప్ప బండి పక్కకు తీసి ఆపాడు.

"ఎటు పోవాల సార్?"

"నువ్వే చెప్పన్నా," అంది అర్పిత. "ఒక రోజంతా పెట్టుకుని పోదగిన ఊరేనా అది?"

అలవాటైన మాట నోటిదాకా వచ్చింది. ఆమె అద్దంలో అతన్నే చూస్తోంది.

"నేను చూళ్ళేదు మేడమ్," అన్నాడు. "పదేండ్లుగా పోతా ఉండాను. ఎప్పుడూ కొండ కిందనే."

రాఘవేంద్ర నవ్వాడు. అర్పిత నవ్వలేదు. "అయితే పెనుకొండకే పోనీ. నువ్వూ పైకి రా."

మెట్లు అరిగి ఉన్నాయి. సగం ఎక్కేసరికి సొన్నప్పకు రొప్పు వచ్చింది. రాఘవేంద్ర నీళ్ళ సీసా అందించాడు. పైన పాడుబడిన మండపం, సీతాఫలం చెట్లు, ఒకటే గాలి. కింద ఊరు, చెరువు, రైలుకట్ట. తన కారు ఎక్కడుందోనని వెతికాడు, కనబడలేదు. వాదన మరిచిపోయిన ఆలుమగలు బురుజు అంచున భుజాలు ఆనించుకుని కూర్చున్నారు. వాళ్ళకు ఫోటో తీసిచ్చి, సొన్నప్ప దూరంగా వచ్చి నిలబడ్డాడు. ఇంత చోటు కళ్ళముందుంటే, 'అదిగో చూడు' అనడానికి పక్కన మనిషి లేడు.

"అన్నా, అట్లే నిలబడు. ఇంటికి పంపుదువు," అని అర్పిత అతని ఫోన్ తీసుకుని అతనికీ ఒక ఫోటో తీసింది.

ఇంట్లో ఎవరూ లేరు. భార్య గంగరత్న నాలుగేళ్ళ కిందట గౌరిబిదనూరులోని పుట్టింటికి వెళ్ళిపోయింది. గొడవేమీ జరగలేదు. "నువ్వు ఉన్నా లేనట్టే ఉంటాది" అంది, పెట్టె సర్దుకుంది. ఆ సంగతి అతను అర్పితకు చెప్పలేదు.

సాయంత్రం వాళ్ళను మారతహళ్ళిలో దించి, టీ కొట్టు దగ్గర ఆగి, ఆ ఫోటో గంగరత్నకు పంపాడు. పండగలకు తప్ప ఇద్దరికీ మాటల్లేవు. ఆమె వెంటనే చూసింది.

"యాడ ఇది?"

"పెనుకొండ."

"ఎవురు తీసినారు?"

"బాడుగోళ్ళు."

ఇంకేమైనా అడుగుతుందేమోనని చూశాడు. టీ చల్లారిపోయింది. చివరికి తనే రాశాడు: "ఒకసారి పోదాం, వస్తావా?"

అదీ చూసింది. జిగణి దారిలో బండి పక్కకు ఆపి, జవాబు వచ్చిందేమోనని మళ్ళీ ఒకసారి ఫోన్ తీసి చూసుకున్నాడు.